అదును దాటిన బంతి

ఫుట్‌బాల్ మీద నవల రాయడంలో మొదటి చిక్కు కాలంతోనే వస్తుంది. ఆట తొంభై నిమిషాల్లో ముగిసిపోతుంది. అందులో తప్పిన ఒక్క బంతి మాత్రం మనిషిని ముప్పై నలభై ఏళ్ళు వెంటాడుతుంది. తొంభై నిమిషాలను మాత్రమే పట్టుకున్న రచన మ్యాచ్ వ్యాఖ్యానంగా మిగిలిపోతుంది. వెంటాడిన ఏళ్ళు కూడా అందులోకి వస్తేనే నవల అవుతుంది. ఆడినవాడి మనాదికీ, అతనికి మళ్ళీ దొరికే అవకాశానికీ మధ్య నడిచేదే దాని కథ.

ఈ పనిని చక్కగా చేసి చూపినవాడు బెంగాలీ రచయిత మోతీ నంది. ఆనందబజార్ పత్రికలో క్రీడా విలేకరిగా పనిచేసినవాడు కాబట్టి కలకత్తా క్లబ్బుల లోగుట్టు ఆయనకు బాగా తెలుసు. 1970ల్లో వచ్చిన ‘స్ట్రైకర్’ నవలలో ప్రసూన్ అనే కుర్రాడి తండ్రి ఒకప్పటి ఆటగాడు. లంచం తిని గోల్ వదిలేశాడన్న నింద మోస్తూ బతుకుతుంటాడు. కొడుకు ఆడే ప్రతి ఆట మీదా ఆ నింద నీడ పడుతుంది. ‘స్టాపర్’లో కమల్ గుహ వయసు మళ్ళిన డిఫెండర్. చిన్న క్లబ్బు తరఫున ఆడుతూ, ఒకప్పుడు తనను చులకన చేసిన పెద్ద క్లబ్బుకు అడ్డం నిలుస్తాడు. రెండు నవలల్లోనూ పోయింది పోయినట్టు తిరిగి రాదు. ఒకచోట అవకాశం కొడుకు కాళ్ళకు దక్కుతుంది, మరోచోట అలసిపోయిన ఒంటికి ఆఖరిసారి దక్కుతుంది. అందుకే అవి చదివినవారికి నమ్మబుద్ధవుతుంది.

తెలుగు నేల మీద ఇలాంటి కథను కల్పించే పనే లేదు. 1909లో హైదరాబాద్‌లో పుట్టిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. 1943 నుంచి సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ ఇచ్చి, 1950 నుంచి వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిపించాడు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో ఆయన చేతిలోని భారత జట్టు యుగోస్లావియాకు 10–1తో చిత్తయింది. అక్కడి చలిలో మనవాళ్ళు చాలామంది వట్టి కాళ్ళతో ఆడారు. నాలుగేళ్ళకు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టే ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి నాలుగో స్థానానికి చేరింది. 1962లో జకార్తా ఆసియా క్రీడలు వచ్చేసరికి రహీం ఒంట్లో క్యాన్సర్ ఉంది.

జకార్తాను ఆగి చూడాలి. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా 2–0తో ఓడించింది. తర్వాత థాయిలాండ్‌తో ఆడుతుండగా డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. జపాన్‌తో ఆటకు అతను లేడు. సెమీఫైనల్లో రహీం అతన్ని మళ్ళీ దింపాడు గానీ పాత చోట కాదు, సెంటర్ ఫార్వర్డ్‌గా! ఎప్పుడూ గోల్ కాచుకునే మనిషి దక్షిణ వియత్నాం మీద గోల్ కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్లో ఎదురైంది మళ్ళీ దక్షిణ కొరియానే. స్టేడియం నిండా జనం భారత జట్టుకు వ్యతిరేకంగా అరుస్తున్నారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, కాసేపటికే జర్నైల్ ఒక గోల్ కొట్టారు. చివర్లో కొరియా ఒకటి తిప్పి కొట్టినా ఆట 2–1తో భారత్‌దే అయింది. రహీం మరుసటి ఏడాది జూన్ 11న పోయాడు.

అదే జట్టులో మరో కథ ఉంది, అది ఇంత తేలిగ్గా ముగియదు. సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం. మైదానానికి వచ్చిపోవడానికి చేతిలో డబ్బు లేదంటే రహీమే సైకిల్ అద్దెకు సర్దాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీదా, పెరూ మీదా గోల్ కొట్టిన ఆ ఆటగాడు, ఊపిరితిత్తుల జబ్బుతో 1963లో, ఇరవై ఏడేళ్ళకే ఆట మానేయాల్సి వచ్చింది. 2023 ఫిబ్రవరి 16న కన్నుమూసేదాకా ఆయన బెంగాల్‌లోనే ఉండిపోయాడు. మధ్యలో అరవై ఏళ్ళు! ఫుట్‌బాల్ నవల నిజంగా మొదలవ్వాల్సింది ఆ అరవై ఏళ్ళలోనే.

ఇలాంటి నవలను, ఉదాహరణకు, అనంతపురం జిల్లా విడపనకల్లు నేల మీద నిలబెట్టాలంటే రచయిత ముందుగా ఆ నేలను తెలుసుకోవాలి. గుంతకల్లు నుంచి బళ్ళారి వైపు సాగే ఈ మండలంలో నల్లరేగడి ఎక్కువ. వానకు అది అరికాళ్ళకు చెప్పుల మందాన అంటుకుంటుంది, ఎండకు వేళ్ళు దూరేంత నెర్రెలు విచ్చుతుంది. అక్కడ బంతి గడ్డి మైదానంలోలా జారదు, ఎగిరి పక్కకు పోతుంది. ఈ చిన్న సంగతిని సరిగా రాయనివాడు మిగతా ఏది రాసినా ఆ ఊరివాళ్ళు నమ్మరు.

రెండో అవకాశం అంటే ఏమిటో అనంతపురం జిల్లా రైతుకు ఒకరు చెప్పక్కర్లేదు. ఎర్రనేలలో తొలకరికి వేసిన వేరుశనగ ఎండిపోతే మళ్ళీ వేరుశనగే వేయడు, అదును దాటిపోయి ఉంటుంది. పదును చూసి ఉలవలు చల్లుతాడు. నల్లరేగడిలో ముంగారు (ఖరీఫ్) పోతే హింగారుకు (రబీకి) పప్పుశనగ మీద ఆశ పెట్టుకుంటాడు. రహీం జర్నైల్‌ను ముందుకు పంపడంలో ఉన్న తెలివీ ఇదే.

ఈ జిల్లాలో పల్లె పిల్లలకు ఆట అందడం వెనుక కూడా అలాంటి మలుపే ఉంది. 1968లో మహారాష్ట్ర నుంచి వెళ్ళగొట్టిన స్పెయిన్ దేశస్థుడు విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం చేరి ఆర్డీటీ సంస్థను నిలబెట్టాడు. ఆ సంస్థ క్రీడాగ్రామంలో ఇప్పుడు పల్లెల ఆడపిల్లలూ మగపిల్లలూ ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నారు. నవలలో తండ్రి మనాది మోసే పాత్ర కొడుకే కానక్కర్లేదు, కూతురైతే కథకు కొత్త బలం వస్తుంది.

చివరి ఆటను స్టేడియంలో పెడితే ఈ నవల చెడుతుంది. శనగ కోత అయ్యాక మోళ్ళు ఏరేసిన చేను చాలు. ఒకప్పటి ఫార్వర్డ్ ఇప్పుడు రెండు రాళ్ళ మధ్య గోల్ కాచుకుని నిలబడతాడు. బంతి ఎటు ఎగిరొస్తుందో అతనికి ముందే తెలుసు, ఆ నెర్రెలు అతని చేనివే.