భీమ్ చేతిలోని అక్షరం

2022లో 'ఆర్ఆర్ఆర్' విడుదలైనప్పుడు మేము ఉప్పల్‌లో, నాచారం కంపెనీల్లో షిఫ్టు దిగి వచ్చిన పోరగాళ్ల నడుమ కూర్చొని చూశాం. రామ్ తండ్రి ఊరివాళ్లకు తుపాకి నేర్పుతాడు. బ్రిటిష్ సైన్యం ఊరిమీద పడితే ఒంటికి మందుగుండు కట్టుకుంటాడు, కొడుకు గురి తప్పకుండా కాలుస్తాడు. చిన్న ఊరు, చిన్న దళం, కల్పిత యుద్ధం. హాలంతా ఈలలు. మాకూ ఒళ్లు జలదరించింది, అబద్ధమెందుకు.

తిరుగు బస్సులో ప్రశ్న మొదలైంది. దళం కట్టినవాడు భీమ్ గదా, సినిమాలో ఆయన గూడేనికి దళమేది? అక్కడున్నది ఎత్తుకుపోయిన ఒక పిల్ల, వెతకబోయిన అన్న. అంతే.

జోడేఘాట్‌లో జరిగింది వేరు. పన్నెండు గూడేల గోండులు, కోలాములు పోడు భూమికోసం, పశువుల మేతమీద పన్ను వద్దని భీమ్ వెంట నిలబడ్డారు. 1940లో నిజాం పోలీసులు చుట్టుముట్టి ఆయన్నూ, ఆయన మనుషుల్నీ కాల్చిచంపారు. శత్రువు తెల్లదొర కాదు. అడవి చౌకీదారు, పటేల్, పట్వారీ, గోండుల భూమిని తనపేర రాయించుకున్న ఆసామి. సినిమా వీళ్లందరినీ తప్పించి గవర్నర్ స్కాట్‌ను నిలబెట్టింది. స్కాట్ చస్తే హాల్లో ఎవరికీ నొప్పి లేదు. ఆసామి మనవలు కూడా ఈల వేయొచ్చు.

రామ్ వైపూ ఇదే పని జరిగింది. మన్యంలో అల్లూరి పక్కన పోరాడిన గాం గంటందొర, గాం మల్లుదొర ఈ కథలో లేరు.

ఇది కల్పిత కథని ముందే చెప్పారు కదా అంటారు. అంగీకరిస్తాం. కాని కల్పనలో ఎవరికి ఏది పంచారన్నది కల్పించినవాళ్ల ఎంపికే. తుపాకి, గురి, ఆశయం రామ్‌కు పోయినయి. చివర ఏం కావాలో కోరుకొమ్మంటే భీమ్ తనవాళ్లకు చదువు ఇమ్మంటాడు. మాకు అసలు మింగుడుపడనిది ఈ మాట. భీమ్ జీవితకథ చెప్పేవాళ్లు ఆయన చాందా వైపు పోయి అచ్చాఫీసులో పనిచేస్తూ చదవడం, రాయడం నేర్చాడని, అస్సాం తేయాకు తోటల్లో కూలి చేసి వచ్చాడని చెప్తారు. అంటే అక్షరం ఆయన కష్టార్జితం. ఇంకో సంగతి: జోడేఘాట్ తర్వాతే నిజాం ప్రభుత్వం గోండుల స్థితి తెలుసుకునేందుకు హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. 1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. గూడేనికి బడి రాముడి వరంగా రాలేదు, జోడేఘాట్ నెత్తుటి వెనక వచ్చింది.

సుద్దాల అశోక్‌తేజ రాసిన 'కొమురం భీముడో' పాటలో ఆ మనిషి మోకాలు వంచడు. కొరడా దెబ్బలకు వంగనివాణ్ణి ఆఖరి సీనులో చేయి చాపించారు. జూనియర్ ఎన్టీఆర్ నటనమీద మాకు పేచీ లేదు. నాచారంలో తాత కట్టిన స్టూడియో ముందునుంచే రోజూ పోతుంటాం, ఆ ఇంటి అభిమానం మా గల్లీలో ఎంతుందో తెలుసు. పేచీ ఆ కోరికతోనే. మా ఇంట్ల మొదటి డిగ్రీ మాది. మా అవ్వ వేలిముద్ర వేసే రోజుల్లో కూడా సదువు ఎవరినీ అడుక్కోలేదు, బడిపంతులుతో కొట్లాడి మమ్మల్ని కూర్చోబెట్టింది.

సాయంత్రాలు మేము చదువు చెప్పే పిల్లల్లో ఒకడు, "సార్, భీమ్‌కు సదువొచ్చా?" అన్నాడు. వచ్చు అన్నాం. నమ్మలేదు. సాహు, అల్లం రాజయ్యల 'కొమురం భీం' నవల తెచ్చి వాడి చేతికిచ్చాం. రెండు వారాలైంది, ఇంకా తిరిగివ్వలేదు.