చిట్టాను చింపొద్దు

మా తాతగారి కిరాణా కొట్లో రెండు పుస్తకాలుండేవి: చిట్టా, ఆవర్జా. బేరం జరగ్గానే చిట్టాలో ఎక్కేది. కొట్టు కట్టేశాక తీరిగ్గా కూర్చుని ఖాతాల వారీగా ఆవర్జాలోకి దించేవారు. ఆవర్జాలో పేజీ పాడైతే చిట్టా చూసి మళ్లీ రాసుకోవచ్చు. చిట్టా పోతే మాత్రం ఆ రోజు బేరమంతా పోయినట్టే.

డేటాబేస్ చేసేదీ అదే. ప్రతి మార్పూ ముందు ట్రాన్సాక్షన్ లాగ్‌లో పడుతుంది, డేటా ఫైల్లోకి ఆ తర్వాతే వెళుతుంది. మధ్యలో కరెంటు పోయినా, సర్వర్ లేచాక లాగ్ చదువుకుని పూర్తయినవాటిని నిలబెడుతుంది, సగంలో ఆగినవాటిని వెనక్కి తీసేస్తుంది. 1992లో ఐబీఎంకు చెందిన సి. మోహన్, ఆయన సహచరులు ప్రచురించిన ఏరీస్ పద్ధతి ఈ పనికి పెద్ద ఆధారం. ఇంత ముఖ్యమైన ఫైలుకు పేరే శత్రువైంది. కంప్యూటర్లో మిగతా లాగ్‌లు పాతబడితే తీసేసేవే కాబట్టి ఇదీ చెత్తే అనుకుంటారు.

ఒక రాత్రి ఫోనొచ్చింది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 9002 ఎర్రర్ ఇస్తోంది: లాగ్ నిండిపోయింది, ఒక్క ఎంట్రీ కూడా పడటం లేదు. డేటా చూస్తే 40 జీబీ, లాగ్ 180. డ్యూటీలో ఉన్న కుర్రాడు, "సార్, సర్వీస్ ఆపేసి ఆ ఎల్‌డీఎఫ్ ఫైలు డిలీట్ చేసేస్తాను, కొత్తది అదే వస్తుంది" అన్నాడు. "వద్దు నాయనా, దాన్ని ముట్టుకోకు" అని అరిచినంత పనిచేశాను.

రోజూ ఫుల్ బ్యాకప్ తీస్తూనే ఉన్నారు. కానీ ఫుల్ రికవరీ మోడల్‌లో ఫుల్ బ్యాకప్ లాగ్‌ను ఖాళీ చేయదు. లాగ్ దేనికోసం ఆగిందో చూస్తే 'లాగ్ బ్యాకప్' అని కనిపించింది. వేరే డిస్కులోకి లాగ్ బ్యాకప్ తీశాం. ఫైలు సైజు తగ్గలేదు, లోపల చోటు మాత్రం ఖాళీ అయింది. పని సాగింది. తర్వాత ఒక్కసారి ష్రింక్ చేసి, 15 నిమిషాలకోసారి లాగ్ బ్యాకప్ పెట్టాం. ష్రింక్‌ను రోజువారీ అలవాటు చేసుకోవడం నాకు నచ్చదు. లాగ్ మళ్లీ పెరగక మానదు, పెరిగేటప్పుడల్లా పని ఆగుతుంది.

ఆ కుర్రాడికి ఇంకో పని కూడా అప్పగించాను: ప్రతి శనివారం ఏదో ఒక బ్యాకప్‌ను పక్క సర్వర్లో రీస్టోర్ చేసి చూడటం. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లో ఒక ఇంజినీరు పొరపాటున అసలు సర్వర్లోని డేటా తుడిచేశాడు. తీరా చూస్తే, వెర్షన్ తేడా వల్ల రోజువారీ బ్యాకప్ పడటమే లేదు. దాదాపు ఆరు గంటల డేటా పోయింది. ఆ సంస్థ దాచకుండా అంతా బయటపెట్టింది. ఆ రిపోర్టు వాడిచేత చదివించాను.

కొన్ని నెలలకు మా వంతు వచ్చింది. ఉదయం 11:20కి ఎవరో ఏ వరుసలు మార్చాలో చెప్పే 'వేర్' షరతు లేకుండా అప్‌డేట్ కొట్టారు. ధరల పట్టికలో ప్రతి వస్తువుకూ ఒకటే రేటు! రాత్రి ఒంటిగంట ఫుల్ బ్యాకప్‌ను వేరే పేరుతో, పైన లాగ్‌లు ఎక్కించేందుకు వీలుగా నో రికవరీలో ఎక్కించాం. ఆ తర్వాత 1:15 నుంచి 11:15 దాకా 41 లాగ్ ఫైళ్లు, ఒకదాని వెనక ఒకటి. నడుమ ఏ ఒక్కటి లేకపోయినా గొలుసు అక్కడే తెగుతుంది. వాడు ఒక్కొక్క నంబరూ పైకి చదువుతుంటే నేను కాగితం మీద టిక్కు పెడుతూ కూర్చున్నాను. 42వ ఫైలును 11:19 దగ్గర ఆపాం.

రేట్లన్నీ వేటికవి విడివిడిగా కనిపించాయి. వాటిని లైవ్‌లోకి దించే ముందు, నేను చెప్పకుండానే, వాడు ఇంకో లాగ్ బ్యాకప్ తీసుకున్నాడు.