రోళ్ళపాడు గడ్డిలో సోషల్ పాఠం

గడ్డిభూముల పాఠం వచ్చిందంటే ఏ బడిలోనైనా ఒకటే వరస. ఉత్తర అమెరికాలో ప్రెయిరీలు, ఆసియాలో స్టెప్పీలు, దక్షిణ అమెరికాలో పంపాలు, ఆఫ్రికాలో వెల్డులు, ఆస్ట్రేలియాలో డౌన్సు. పిల్లలు గడగడా అప్పజెబుతారు. జతపరచుము ప్రశ్నకు మార్కులన్నీ పడతాయి. నందికొట్కూరు వైపు ఒక బడిలో ఈ పాఠం చెబుతూ, "గడ్డిభూమిని మీలో ఎవరు చూశారు?" అని అడిగాను. ఒక్క చెయ్యీ లేవలేదు. "అది అమెరికాలో గదా సార్ ఉండేది" అన్నాడొకడు. వాళ్లలో చాలామంది ఇళ్లలో గొర్రెలున్నాయి. ఆదివారమొస్తే ఆ పిల్లలు మంద వెంట తిరిగేది గడ్డినేలలోనే.

ఆ జవాబు నన్ను చాలాకాలం వదల్లేదు. తాను పుట్టిన నేలకు భూగోళంలో చోటుందని తెలియని పిల్లకు అమెరికా ప్రెయిరీల్లోని కాన్సాస్ గురించి ఏం చెప్పినా అది కంఠతా పట్టే మాటే అవుతుంది. అందుకే ఆ పాఠాన్ని గదిలో మొదలుపెట్టడం మానేశాను. నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలో రోళ్ళపాడు ఉంది. బట్టమేక పిట్ట కోసం 1988లో ప్రభుత్వం అక్కడ సుమారు 1,500 ఎకరాల గడ్డినేలను అభయారణ్యంగా ప్రకటించింది. అటవీశాఖ అనుమతి తీసుకుని పిల్లల్ని అక్కడికే తీసుకుపోతాను. అనుమతి దొరకని ఏడాది ఊరి పక్క బీడులోనే పాఠం.

అక్కడికి చేరగానే నేనేమీ చెప్పను. నలుగురికొక తాడు ఇస్తాను. మీటరు చదరంగా నేలమీద పరచి, అందులో ఎన్నిరకాల గడ్డి ఉందో చూడమంటాను. మొదట "అంతా ఒగటే గడ్డి సార్" అంటారు. కాసేపటికి కొట్లాట మొదలవుతుంది. ఇది వేరు, దీని కంకి వేరు, దీన్ని మేక తింటుంది, దాన్ని ముట్టదు. పేర్లు తెలిసినవాళ్లు పేర్లు చెబుతారు. బోదగడ్డి వాసన చూపించడానికి ఒకమ్మాయి అరచేతిలో నలిపి అందరి ముక్కుల దగ్గరా పెట్టింది. శాస్త్రజ్ఞులు హెటెరోపోగన్ అనే గడ్డి ఒకటుంది. దాని గింజలు ముళ్లలా బట్టల్లో గుచ్చుకుంటాయి. వాటిని తిట్టని పిల్ల లేదు. ఒక గింజను అరచేతిలో పెట్టి నీటిచుక్క వేస్తే, దాని తోక మెలి విప్పుకుంటూ మెల్లగా తిరుగుతుంది. వానకు తడిసి, ఎండకు ఆరి, అట్లా తిరుగుతూనే గింజ నేలలోకి దిగుతుంది. వాన ఎప్పుడొస్తుందో తెలియని చోట బతకడానికి గడ్డి నేర్చుకున్న పని అది. దాన్ని చూశాక వర్షపాతం అనే మాటకు పిల్లల దగ్గర అర్థం ఏర్పడుతుంది.

తరువాత తూర్పుకు చూడమంటాను, నల్లమల. పడమరకు తిరిగితే ఎర్రమల. నడుమ కుందూ లోయ, దాని నల్లరేగడి. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే చాలావరకు కురిసేసి మన దగ్గరికి అలిసి వస్తాయి. ప్రెయిరీకీ అదే కథ, అక్కడ అడ్డుపడేవి రాకీ పర్వతాలు. కర్నూలు సీమలో ఏడాదికి 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడుతుంది. కాన్సాస్ మధ్యభాగంలో పడేదీ ఇంచుమించు అంతే. మరి అక్కడి గడ్డి వేరు, ఇక్కడి గడ్డి వేరు ఎందుకైంది? ఈ ప్రశ్నకు నేను జవాబు చెప్పను. మన ఎండ ఎంత నీటిని తాగేస్తుందో, వాన ఎన్ని నెలల్లో ముగిసిపోతుందో, అక్కడి చలికాలం ఎట్లాంటిదో వాళ్లే లెక్కగట్టుకుంటారు.

డాలస్ సంగతి ఇక్కడే వస్తుంది. ఈ కాలంలో అమెరికాలో బంధువు లేని ఊరు సీమలో తక్కువ. మనవాళ్లు వేలల్లో స్థిరపడిన డాలస్ చుట్టుపక్కల నేలకు బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అని పేరు. పక్కనే గ్రాండ్ ప్రెయిరీ అనే ఊరే ఉంది. ఆ నేల మన నల్లరేగడికి దగ్గరి చుట్టం. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు బారుతుంది. ఒకప్పుడు అక్కడా పత్తే పండించారు. వేసవిలో మట్టి కుంచించుకుపోయి గోడలు బీటలు వారకుండా అక్కడివాళ్లు ఇంటి పునాదుల చుట్టూ నీళ్లు పెడతారు. ఇది చెప్పిన మర్నాడు పిల్లలు మేనమామలకు వీడియో కాల్ చేసి, "మామా, మీ ఇంటికాడ మట్టి చూపించు" అని అడిగి వచ్చారు.

పాఠంలో కష్టమైన భాగం బట్టమేక పిట్ట. మీటరు ఎత్తు, మగపక్షి పదిహేను కిలోల దాకా తూగుతుంది, ఆడది మామూలుగా ఒకే గుడ్డు పెడుతుంది. 1980లలో రోళ్ళపాడుకు పేరు తెచ్చింది ఈ పక్షే. బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు ఇక్కడుండి దీన్ని అధ్యయనం చేశారు. ఇప్పుడు దేశం మొత్తంమీద మిగిలినవి నూటయాభైలోపే, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లోని జైసల్మేర్ వైపు. పిల్లలు ఇక్కడికి వచ్చి అది కనబడుతుందేమోనని చూస్తారు. లేదని చెప్పాలి. ఎందుకు లేదో కూడా చెప్పాలి.

ఆ పక్షికి కంచెలోపలి గడ్డి ఒక్కటే చాలదు. చుట్టూ జొన్న, కొర్ర, పప్పుధాన్యాల చేలు కావాలి, దున్నని బీళ్లు కావాలి. కాలువలొచ్చాక పంటలు మారాయి, బీళ్లు తగ్గాయి. అయితే తాగునీటికి, సాగునీటికి తరతరాలు అల్లాడిన సీమలో నీళ్లు వద్దనే నోరు ఎవరికుంది? నాకైతే లేదు. 1863లో మొదలైన కర్నూలు-కడప (కేసీ) కెనాల్ నీళ్లతోనే ఇక్కడ ఎన్నో కుటుంబాలు నిలబడ్డాయి. ప్రెయిరీలో కూడా గడ్డిని దున్ని గోధుమ వేశారు, 1930లలో కరువు వచ్చేసరికి ఆ మట్టే దుమ్ముతుఫానులై లేచింది. ఈ రెండూ పిల్లల ముందుపెట్టి వాదించుకోమంటాను. ఒకసారి గొర్రెలకాపరి ఒకాయన పక్కన నిలబడి అంతా విని, "నీళ్లు రానీ, బీడునూ కొంచెం వదలండి, మా మందలు యాడ మేయాల?" అన్నాడు. ఆయన్ని కూర్చోబెట్టి మిగతా పాఠం ఆయన చేతే చెప్పించాను. ఏ నెలలో మంద ఎటు పోతుంది, కోతలయ్యాక ఎవరి చేలో రాత్రికి మంద తోలుతారు, దానికి రైతు ఏమిస్తాడు. ఆర్థిక భూగోళం అంతకన్నా బాగా నేను చెప్పలేను.

కడప పిల్లలకు పాఠం కొంచెం మారాలి. అక్కడిది చిట్టడవి. సిద్ధవటం, బద్వేలు నడుమ లంకమల పొదల్లోనే 1986 జనవరిలో కలివికోడి మళ్లీ దొరికింది. 1900 తరువాత అప్పటిదాకా ఎవరూ చూడని పక్షి. దట్టమైన పొదలూ కాదు, పూర్తిగా ఖాళీ నేలా కాదు, నడిమి రకం దానికి కావాలి. రాత్రిపూట తిరిగే ఆ పక్షి జాడ కోసం పరిశోధకులు మెత్తటి మట్టిని పట్టీలుగా పరచి, పొద్దున అడుగుల గుర్తులు వెతికారు. ఈ పని ఏ బడి వెనకైనా చెయ్యొచ్చు. సాయంత్రం జల్లెడపట్టిన మట్టి పరచి పోతే, తెల్లారేసరికి కౌజు, కుందేలు, ముంగిస, తొండ ఎవరెవరు వచ్చిపోయారో రాసి ఉంటుంది.

ఉపాధ్యాయ మిత్రులకు నేను చెప్పేది నవంబరు, డిసెంబరు నెలల్లో రోళ్ళపాడుకు రమ్మని. గడ్డి అప్పటికి పండి పసుపెక్కుతుంది. పిల్లిగద్దలు కూడా అప్పటికి చేరి ఉంటాయి. ఇంగ్లీషువాళ్లు హారియర్లనే ఈ పక్షులు కజకిస్తాన్ వైపు స్టెప్పీల్లో పిల్లల్ని చేసి, చలి మొదలయ్యేసరికి మన దక్కనుకు వచ్చేస్తాయి. పగలంతా చేలల్లో మిడతల్ని ఏరుకు తిని, రాత్రికి నేలమీదే, గడ్డిలోనే పడుకుంటాయి. మన దేశంలో ఇవి గుంపులుగా రాత్రి దిగే పేరున్న చోట్లలో రోళ్ళపాడు ఒకటి. గ్లోబుమీద కజకిస్తాన్ నుంచి మిడుతూరుకు దారం పరిచి కొలవమనండి. తరువాత పాఠం పుస్తకం తెరిచి, స్టెప్పీల పేజీ దగ్గర మొదలుపెట్టండి.