ఎర్రనీళ్ళ రసాయనం

కొత్త జంట గడప దాటేముందు దిష్టి తీసే ఎర్రనీళ్ళలో ఎర్ర రంగేదీ వెయ్యరు. పళ్ళెంలో నీళ్ళు, చిటికెడు పసుపు, కాస్త తాంబూలం సున్నం, అంతే. వేలితో కలపగానే నీళ్ళు నెత్తురెరుపుకి తిరుగుతాయి. పసుపులో ఉండే కర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది మరి. సున్నం విరిగేదాకా ఆ పళ్ళెంలో నిమ్మకాయ పిండండి, మళ్ళీ పసుపు రంగే.

తెల్ల చొక్కా మీద సాంబారు మరకకు సబ్బు రాస్తే ఎర్రబడేదీ ఇందుకే. జాడిస్తే ఎరుపు పోతుంది. పసుపు పోవడం మాత్రం ఎండ దయ!

ఈ పరీక్షను కాగితం మీదికి తేవడం తేలిక. పసుపు నీళ్ళలో సరిగా కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. పొయ్యికి దూరంగా కూర్చుని, ఆ ద్రావణంలో వడపోత కాగితం ముంచి నీడన ఆరబెట్టి, ముక్కలుగా కత్తిరించుకోవాలి. సబ్బునీళ్ళు, సున్నపు తేట, కట్టెల బూడిద తేట, ఏది తగిలినా కాగితం ఎర్రబడుతుంది. వంటసోడా బలహీన క్షారం కాబట్టి రంగు నారింజ దగ్గరే తటపటాయిస్తుంది.

అసలు తమాషా కుంకుడు రసంతో. అంత నురగ చూసి సబ్బు లాంటిదే అనుకుంటాం. కాగితం మాత్రం రంగు మారదు, ఎందుకంటే ఆ రసం కొద్దిగా ఆమ్ల గుణం కలది. క్షారం పట్టుదారాన్ని దెబ్బతీస్తుంది. పట్టుచీరలు కుంకుడు రసంతో ఉతికిన అమ్మమ్మలకు పీహెచ్ తెలియకపోయినా పట్టు సంగతి తెలుసు. ఇత్తడి చెంబుకు చింతపండు, జిడ్డు గిన్నెకు బూడిద వాడటంలోనూ ఇదే వివేకం. చింతపండులోని ఆమ్లం చిలుమును కరిగిస్తుంది, బూడిదలోని క్షారం జిడ్డును విడగొడుతుంది.

అయితే పసుపు చెప్పేది సగమే. నిమ్మరసంలోనూ, ఉప్పునీళ్ళలోనూ, చక్కెర నీళ్ళలోనూ అది పసుపుగానే ఉంటుంది. కాగితం ఎర్రబడలేదు కాబట్టి ఆమ్లమని రాసేస్తే తప్పు. మిగతా సగానికి పువ్వుల్ని అడగాలి. రాబర్ట్ బాయిల్ 1664లో రంగుల మీద అచ్చువేసిన పుస్తకంలో వయొలెట్ పూల పానకం ఆమ్లంతో ఎర్రగా, క్షారంతో ఆకుపచ్చగా మారుతుందని రాశాడు. మన పెరట్లో ఆ పని ఎర్ర మందారం చేస్తుంది. రేకల్ని వేడినీళ్ళలో నానబెట్టి వడకట్టి, చింతపండు రసం కలిపితే ముదురు గులాబీ రంగు, సున్నపు తేట కలిపితే ఆకుపచ్చ. నీలి శంఖుపుష్పం ఇంకా అందంగా చెబుతుంది, నిమ్మచుక్క పడగానే ఊదా రంగుకి తిరుగుతుంది. ఈ రసాలు త్వరగా పాడవుతాయి, ఏ రోజుకారోజు తీసుకోవడమే మేలు.

పిల్లలతో చేయించేటప్పుడు వంటింటి వస్తువుల దగ్గరే ఆగండి. సున్నం కంట్లో పడితే చూపు పోవచ్చు, అది పెద్దల చేతిలోనే ఉండాలి. మరుగుదొడ్డి కడిగే యాసిడ్‌నూ బ్లీచింగ్ పౌడర్‌నూ మాత్రం ఎప్పుడూ కలపకండి, విషవాయువైన క్లోరిన్ పుడుతుంది.