రెండో భాగం ఎందుకు సాగింది?

ఒక నవల మీద సమీక్ష రాసిస్తానని కిందటి దసరాకి ఒప్పుకున్నాను. నవల పేరు చెప్పను, ఎందుకంటే ఇది ఆ సమీక్ష కాదు. మొదటి భాగం మూడు రోజుల్లో చదివేశాను. రెండో భాగం పూర్తి చెయ్యడానికి రెండు నెలలు పట్టింది. చదువుతూ అట్ట లోపల పెన్సిలుతో రాసుకున్న మాటలు అలాగే ఉన్నాయి: మొదటి భాగంలో బిగువు ఉంది, రెండో భాగం సాగదీసినట్టుంది, ఆసుపత్రి సన్నివేశాలు కుదించాల్సింది.

తీరా రాయడానికి కూర్చున్నప్పుడు అనుమానం వచ్చింది. మొదటి భాగం చదివింది సెలవుల్లో, పిల్లలిద్దరూ మా అమ్మ దగ్గర ఉన్నప్పుడు. రెండో భాగం చదివింది కాలేజీ తెరిచాక. బస్సులో నిలబడి కొంత, పొయ్యి మీద పాలు పొంగేలోపు కొంత, చిన్నదాన్ని జోకొడుతూ సెల్‌ఫోన్ వెలుతురులో కొంత. ఒక్కో అధ్యాయం నాలుగైదు ముక్కలయింది. ప్రతిసారీ రెండు పేజీలు వెనక్కి వెళ్ళి, ఎవరు ఎవరికి ఏమవుతారో గుర్తు చేసుకుని, ఆగిన చోటికి వచ్చేసరికి "అమ్మా" అని పిలుపు. అలా చదివితే ఏ నవలైనా సాగుతుంది. మరి సాగింది నవలా, నా రోజా?

ఇది నా సొంత గోడు మాత్రమే అయితే రాసేదాన్ని కాదు. విమర్శలో మనం వాడే మాటల్నే ఇది ప్రశ్నిస్తుంది. అరగంట నుంచి రెండు గంటల లోపల, ఒక్క కూర్చుడులో చదవగలిగేది కథ అని ఎడ్గార్ ఎలన్ పో 1842లో అన్నాడు. కథానిక గురించి మనం క్లాసులో చెప్పే పాఠాలన్నీ ఆ మాట దగ్గరే మొదలవుతాయి. నేనూ ఏళ్ళ తరబడి అదే చెప్పాను. ఆ కూర్చున్న మనిషి ఎవరు, ఒళ్ళో పిల్ల ఉందా, పక్క గదిలో అన్నం ఉడుకుతోందా అని నేను అడగలేదు, నా విద్యార్థినులూ అడగలేదు. బిగువు, ఏకాగ్రత, ఐక్యత అని మనం రచనలో వెతికేవన్నీ ఆ కూర్చున్న మనిషికి దొరికే సౌకర్యాలు కూడా.

మేముండేది కుకునూరుపల్లిలో. హైదరాబాదు నుంచి కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి మీద, ప్రజ్ఞాపూర్ దాటాక వస్తుంది. మొన్నమొన్నటి దాకా కొండపాక మండలంలో ఒక ఊరు, 2022లో తనే మండలమయింది. నేను సిద్దిపేటలో పాఠాలు చెబుతాను. పెద్దవాడికి అయిదేళ్ళు, బడికి పోతాడు. చిన్నదానికి ఇంకా రెండు నిండలేదు. కొన్నాళ్ళు నాకు బస్సే గ్రంథాలయం. పోను ఒక అధ్యాయం, రాను ఒక అధ్యాయం. 2023 డిసెంబర్ 9న ఆర్టీసీలో ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం మొదలయ్యాక సీటు దొరకడం తగ్గిపోయింది. మొదట్లో విసుక్కున్నాను కూడా. తర్వాత చుట్టూ చూస్తే, దవాఖానకి, పుట్టింటికి, కూలికి, పరీక్షకి పోతున్న ఆడవాళ్ళు. టికెట్టు డబ్బులకి ఎవరినీ చెయ్యి చాచి అడగకుండా బయలుదేరినవాళ్ళు. వాళ్ళ ప్రయాణం నా అధ్యాయం కన్నా తక్కువదేమీ కాదు. కానీ నా అధ్యాయం పోయిన మాట కూడా నిజమే.

అసలు గ్రంథాలయాల మాటకొస్తే, నాకు తెలిసిన శాఖా గ్రంథాలయాలు పొద్దున కాసేపు, మళ్ళీ సాయంత్రం కాసేపు తెరుస్తారు. ఆ రెండు పూటలూ వంట వేళలే. పిల్లల్ని బడికి తయారు చేసే వేళ, బడి నుంచి వచ్చినవాళ్ళకి అన్నం పెట్టే వేళ. ఆడవాళ్ళు రావద్దని ఏ బోర్డు మీదా రాసి ఉండదు. రాయాల్సిన పని లేదు.

స్త్రీల రాతకు ఏం కావాలో మనం చాలా మాట్లాడుకున్నాం. వర్జీనియా వూల్ఫ్ 1929లో అడిగిన సొంత గది, ఏడాదికి అయిదు వందల పౌన్ల రాబడి మన వ్యాసాల్లో ఎన్నిసార్లు వచ్చాయో లెక్కలేదు. వూల్ఫ్‌కి పిల్లలు లేరు. నలుగురు ఆడపిల్లల్ని పెంచుతూ, ఉద్యోగాలు చేస్తూ రాసిన అమెరికన్ రచయిత్రి టిలీ ఓల్సెన్ మాత్రం గది కన్నా ముందు కాలం గురించి అడిగింది. 1978లో వచ్చిన ఆమె పుస్తకం "సైలెన్సెస్"లో నన్ను పట్టుకున్నది ఒకటే విషయం: తల్లికి గంటలు తక్కువ కావడమే కష్టం కాదు, ఉన్న ఏ గంటా తెగకుండా ఉంటుందన్న నమ్మకం లేకపోవడం అసలు కష్టం. అయితే ఇదంతా రాయడం గురించి. చదవడం గురించి అంత పట్టుదలగా ఎవరూ అడగలేదు. చదవడం తీరిక ఉన్నవాళ్ళ పని అని మనమూ లోలోపల ఒప్పుకున్నామేమో.

అలా ఒప్పుకోని ఒకావిడ పందొమ్మిదో శతాబ్దం బెంగాల్‌లో ఉంది. పన్నెండుమంది పిల్లల తల్లి రాససుందరీదేవి. చైతన్య భాగవతంలోంచి ఒక పత్రం తీసి వంటింట్లో దాచుకుని, కొడుకు అక్షరాలు దిద్దిన తాటాకుతో పోల్చి చూసుకుంటూ ఎవరికీ తెలియకుండా చదవడం నేర్చుకుంది. తర్వాత తన జీవితాన్ని "ఆమార్ జీబన్"గా రాసింది. హైదరాబాదులో ఉండి సూసీ తారు, కె. లలిత సంపాదకత్వం వహించిన "విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా" (1991, 1993) ద్వారా చాలామందిలాగే నాకూ ఆవిడ తెలిసింది. ఎం.ఏ.లో చదివినప్పుడు ఆ సాహసానికి ఒళ్ళు పులకరించింది. ఇప్పుడు చదివితే కళ్ళు ఆ ఒక్క పత్రం మీద ఆగాయి. పుస్తకం కాదు, ఒక పత్రం. వంటకీ పిల్లలకీ మధ్య పట్టేది అంతే.

మన దగ్గర 1960, 70 దశకాల్లో వారపత్రికల సీరియళ్ళు అలాంటి పత్రాలే కదా అనిపిస్తుంది. రంగనాయకమ్మ, యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచనల్ని ఇళ్ళల్లో ఆడవాళ్ళు వారం వారం ఎదురుచూసి చదివారు. ఆ చదువుని కాలక్షేపమన్నారు, వంటింటి సాహిత్యమన్నారు. ఆ నవలల భావజాలంతో మనకి పేచీ ఉండొచ్చు, నాకూ ఉంది. కానీ వారానికి కొన్ని పేజీలు, ఆగిన చోట పాత సంగతి ఒకసారి గుర్తు చేసి ముందుకు నడిపించే పద్ధతి, ముక్కలైన రోజుకి సరిపోయిన రూపం. దాన్ని రూపంగా చూడకుండా లోపంగా చూసిన విమర్శకి పొద్దున్నే కుర్చీలో కాఫీ అందేది.

కాఫీ అంటే గుర్తొచ్చింది. మా ఆయన రోజూ పొద్దున అరగంట పేపరు చదువుతారు. చదువుకి టైం ఎలా దొరుకుతోందని ఆయన్ని ఎవరూ అడగరు. ఆదివారం "నువ్వు చదువుకో, పిల్లల్ని నేను చూస్తా" అంటారు, మనసులో ఏమీ లేకుండానే. పది నిమిషాలకి "దీని గౌను ఎక్కడ?", ఇంకో పదికి "వీడు తింటలేడు, ఒకసారి రా". భారత ప్రభుత్వం 2019లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనిలో పాల్గొనే ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు దానికి పెడుతున్నారు, మగవాళ్ళు 97 నిమిషాలు. పిల్లల్నీ ముసలివాళ్ళనీ చూసుకోవడం దీనికి అదనం. 2024 సర్వేలో ఆడవాళ్ళవి 289కి తగ్గాయి. అయిదేళ్ళలో పది నిమిషాలు. నా లెక్కలో నాలుగు పేజీలు. మగవాళ్ళు కూడా తగ్గించుకున్నారు, 88కి.

మరి నాకు దొరికే ఆ కాస్త సమయం ఎక్కడిది? దీనికి జవాబు రాయడానికే ఇన్ని పేజీలు తాత్సారం చేశాను.

మా అత్తమ్మ బీడీలు చేస్తుంది. సిద్దిపేట చుట్టుపక్కల ఎన్నో ఇళ్ళల్లో ఉన్నట్టే మా ఇంట్లోనూ గోడ వారన చాట, తునికాకు, తంబాకు, దారం ఉంటాయి. చిన్నది పుట్టకముందు రోజుకి ఎనిమిది వందల దాకా చేసేది. ఇప్పుడు అయిదు వందలు దాటడం లేదు. కూలి కట్టేది వెయ్యికి ఇంత అని. నేను కాలేజీలో ఉన్నంతసేపూ, ఇంటికొచ్చి తలుపు దగ్గరకి వేసి పుస్తకం పట్టుకున్నప్పుడూ చిన్నది ఆమె దగ్గరే. తంబాకు పిల్ల చేతికి అందకుండా చాట ఎత్తి పెట్టాలి. పిల్ల నిద్రపోతే దించాలి. లేస్తే మళ్ళీ ఎత్తాలి. నేను చదివిన గంట ఖరీదు ఆమె చెయ్యని బీడీలు. "టైం చేసుకోవాలి" అని మనం తేలిగ్గా అంటాం. నేను ఏమీ చెయ్యలేదు, ఆమె దగ్గర తీసుకున్నాను. వూల్ఫ్ గదినీ రాబడినీ లెక్కగట్టింది. ఆ గది బయట పిల్లని ఎత్తుకున్న మనిషి లెక్క మనం రాసిన వ్యాసాల్లో కూడా లేదు.

ఒకరోజు తలుపు తీసే ఉంచి చదువుతుంటే, "నీలో నువ్వే నవ్వుకుంటున్నవ్, గదేందో నాకు గూడ జెప్పరాదు బిడ్డా" అంది. చేతిలో ఉన్నది పి. సత్యవతి "ఇల్లలకగానే". ఎన్నేళ్ళుగానో పాఠంగా చెప్పిన కథ. బయటకి చదివాను. ఇల్లలుకుతూ పేరు మరిచిపోయిన ఈగ కథ ఆమెకి నాకన్నా బాగా వచ్చు. నా చేతిలో ఆపి, ఈగ ఎవరెవర్ని అడిగిందో తనే చెప్పి, మళ్ళీ చదవమంది. కథలో ఇల్లాలు పుట్టింటికి వెళ్ళి సర్టిఫికెట్లు వెతుక్కుంటుంది, పాత స్నేహితురాలు ఆమెను శారదా అని పిలుస్తుంది. అత్తమ్మ దారం తెంపి అంది: "నా పేరు బీడీ కార్డు మీదున్నది. కార్ఖానల లెక్క రాసేటోడు పేరు వెట్టి పిలుస్తడు. ఇంట్లనే ఎవ్వలు పిలువరు."

నేను ఆ కథని అస్తిత్వం గురించిన కథగా చెప్పేదాన్ని. చదువుకుని ఇంట్లో ఉండిపోయిన మధ్యతరగతి స్త్రీకి సర్టిఫికెట్టు పోయిన పేరును చూపిస్తుంది. కూలి చేసే స్త్రీ పేరు కార్డు మీద ఉండనే ఉంది. అదే ఇంట్లో పనికి రాదు. ఈ తేడా నాకు ఏ విమర్శ వ్యాసంలోనూ దొరకలేదు. ఇంకొకటి కూడా అప్పుడే తట్టింది. శారదకి పేరు దొరికింది. చదివే అలవాటు దొరికిందా? కథ అక్కడ ఆగుతుంది. అది కథ తప్పు కాదు, ఆ తర్వాతది మనం రాసుకోవాలి.

అత్తమ్మకి బయటకి చదివి వినిపించడం మొదలుపెట్టాక తెలిసింది, ఇది కొత్తేమీ కాదని. క్యూబా చుట్టల కర్మాగారాల్లో 1865 నుంచే పనివాళ్ళకి చదివి వినిపించేవాళ్ళు ఉన్నారు. కేరళలో కన్నూరు ప్రాంతపు బీడీ పనివాళ్ళ షెడ్లలో ఒకరు పేపరో నవలో చదువుతుంటే, మిగతావాళ్ళు తలా కొన్ని బీడీలు వేసి అతని లెక్క పూర్తి చేసేవాళ్ళు. 1969లో పెట్టుకున్న దినేశ్ బీడీ సహకార సంఘం షెడ్లలోనూ ఆ చదువు సాగింది. చదివేవాడి కాలానికి ఖరీదు ఉందనీ, అది అందరూ పంచుకోవాలనీ వాళ్ళకి తెలుసు. మన దగ్గర బీడీ చేసే ఆడవాళ్ళకి షెడ్డు లేదు. ఎవరి గడపలో వాళ్ళు. వంటా పిల్లలూ బీడీలూ ఒక్క చోటే. కలిసి కూర్చునే చోటు లేకపోతే కలిసి వినే చోటూ ఉండదు.

దీన్ని పరిష్కారమని చెప్పబోవడం లేదు. నేను చదివితే ఆమె వింటుంది నిజమే, పిల్లని ఎత్తుకునేది ఇంకా ఆమే. మా ఆయన ఇప్పుడు ఆదివారాలు పిల్లల్ని తీసుకుని బయటికి వెళ్తున్నారు, గౌను ఎక్కడుందో వెతుక్కునే. ఇంట్లో నేను చెయ్యగలిగింది ఇంతవరకు. విమర్శలో చెయ్యగలిగింది ఇంకొంత ఉంది. ఒక పుస్తకాన్ని బిగువు లేదనే ముందు, దాన్ని ఎలా చదివానో, ఎన్ని ముక్కలుగా చదివానో, ఆ సమయం ఎవరిచ్చారో నన్ను నేను అడుక్కోవడం. సభలు పెట్టేటప్పుడు పిల్లలతో వచ్చే చోటు గురించి ముందే అనుకోవడం. గ్రంథాలయం ఏ వేళ తెరవాలో అడగడం కూడా సాహిత్య విమర్శ పనే అని ఒప్పుకోవడం.

ఇక ఆ నవల. సంక్రాంతి సెలవుల్లో రెండో భాగం మళ్ళీ మొదటి నుంచి అత్తమ్మకి చదివాను. కూతురు తండ్రిని తీసుకుని ఆసుపత్రి వరండాలో కూర్చుంటుంది. చీటీ, పరీక్ష, మళ్ళీ చీటీ, డాక్టరు రాలేదు. నలభై పేజీలు. కుదించాల్సిందని నేను రాసుకున్నవి అవే.

అత్తమ్మ చెయ్యి ఆపకుండానే అంది: "దవాఖాన్ల కూసుంటే పొద్దు గట్లనే వోదు బిడ్డా. రాసినామె కూసున్నట్టున్నది."

అట్ట లోపలి పెన్సిలు రాత చెరపలేదు. దాని కిందే ఆ మాట కూడా రాసుకున్నాను. సమీక్ష ఈసారి పంపిస్తాను.