సింధు రజతం: పోస్టులు, వెతుకులాటలు

2016 ఆగస్టు 19న రియో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్ ఫైనల్లో పి.వి.సింధు మొదటి గేమ్‌ను 21–19తో గెలిచి, తరువాతి రెండూ స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్‌కు కోల్పోయి రజతం సాధించారు. ట్విట్టర్, ఫేస్‌బుక్ అభినందనలతో నిండిపోయాయి. ఆ అభినందనలను మాత్రమే సేకరించి చదివితే, ఆమె కులం ఎవరికీ పట్టలేదని మీరు రాసేస్తారు. కానీ అవే రోజుల్లో గూగుల్‌లో సింధు పేరుతో కలిపి ఎక్కువగా వెతికిన మాటల్లో కులం ఒకటి. ఆ వెతుకులాటలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందున్నాయి. నలుగురిలో అడగడానికి మొహమాటపడిన ప్రశ్నను ఫోనును అడిగారన్నమాట. పోస్టు పదిమంది చూడాలని రాసేది; వెతుకులాట ఎవరూ చూడరనుకుని చేసేది. రెంటినీ ఒకే గాటన కట్టకండి.

అయితే ఈ వార్త పట్టుకుని తెలుగువారందరినీ తిట్టినవారూ తొందరపడ్డారనే చెప్పాలి. గూగుల్ ట్రెండ్స్ మనుషులను లెక్కపెట్టదు. అత్యధిక స్థాయిని 100గా తీసుకుని, మిగతావాటిని దానితో పోల్చి చూపుతుంది. వార్త చదివి, నిజమేనా అని వెతికినవారూ అందులోనే కలుస్తారు (మీరూ వెతికి ఉండవచ్చు). రాష్ట్రం పేరు చూసి భీమవరంలో ఎందరు వెతికారో చెప్పలేం. ఎందుకు వెతికారో అసలే చెప్పలేం. మనవాళ్లేనన్న గర్వమా, ఒట్టి అలవాటా, అసూయా? అది తేలాలంటే భీమవరం టీకొట్టు దగ్గర కూర్చుని మనుషులనే అడగాలి.