సూదిమొనల ఫిరోజా

న్యూమెక్సికోలో, అరిజోనా సరిహద్దుకు దగ్గర్లో జునీ అనే ఊరుంది. అక్కడి వాళ్లు చేసే ‘నీడిల్‌పాయింట్’ వెండి కడియాన్ని దగ్గరగా చూస్తే, రాళ్ల సంగతి తర్వాత, ముందు చేసినవాళ్ల కంటిచూపుకు దండం పెట్టాలనిపిస్తుంది. ఒక్కో ఫిరోజా (టర్కాయిజ్) రాయి బియ్యపుగింజ కన్నా సన్నం, రెండు కొసలా మొన. కొన్ని కడియాల్లో అలాంటివి పదులకొద్దీ ఉంటాయి.

జునీవాళ్లకు వెండిపని తాతలనాటిదేం కాదు. లాన్యాడే అనే ఆయన 1870ల్లో అట్సిడి చోన్ అనే నవాహో కంసాలి దగ్గర నేర్చుకుని మొదలుపెట్టాడు. ఇక నీడిల్‌పాయింట్ పనికొస్తే, రాయిని పుల్ల కొసకు మైనంతో అంటించి, తిరిగే సానరాయి మీద అరగదీస్తారు. చెయ్యి కాస్త బరువైతే మొన ఎగిరిపోతుంది. తర్వాత ప్రతి రాయికీ దాని గూడు దానికే. పలుచటి వెండిపట్టీని రాయి చుట్టుకొలతకు వంచి, టంకంపెట్టి, రాయిని దించి అంచు లోపలికి నొక్కాలి. చాలావాటిలో ఆ అంచుకు రంపపు పళ్లుంటాయి. అది సింగారమనుకుంటాం కానీ, పళ్లుంటేనే పట్టీ ముడతపడకుండా రాయి మీదికి ఒదుగుతుంది.

అన్నిటికన్నా నన్ను ఆకట్టుకునేది రంగుల జత కుదర్చడం. ఒకే గని రాళ్లలోనూ నీలం తేడాగా ఉంటుంది. అరిజోనాలోని స్లీపింగ్ బ్యూటీ గని రాయి గీతల్లేని ఆకాశనీలం కాబట్టి ఈ పనికి దానికంత గిరాకీ. 2012లో అక్కడ ఫిరోజా తీయడం ఆగిపోయింది.

తీరా అంత శ్రమపడి కుదిర్చిన రంగు నిలకడగా ఉండదు. ఫిరోజాలో కంటికి ఆనని రంధ్రాలుంటాయి. చెమట, సెంటు, లోషన్, మన కొబ్బరినూనె ఏదైనా పీల్చుకుని పచ్చబడుతుంది. ఎక్కువ వేడి తగిలితే లోపలి నీరు పోయి పాలిపోతుంది. రెజిన్ పట్టించిన రాళ్లకు ఈ బెడద తక్కువ. అలంకరణంతా అయ్యాకే నగ పెట్టుకోవాలి, తీసేటప్పుడు ముందు దాన్నే తీయాలి, మెత్తని పొడిగుడ్డతో తుడవాలి. అంతకుమించి హంగామా అక్కర్లేదు. చింతపండు పులుసు, వెండి మెరుగుపెట్టే ద్రావణాలు మాత్రం దగ్గరికి రానీయకండి. పాత నగలను నీళ్లలో నానబెట్టినా ముప్పే. కొన్నిట్లో రాయి ఎత్తుగా కూర్చోవడానికి అడుగున రంపపుపొట్టు పెట్టేవారు; అది తడిసి ఉబ్బితే రాయి గూట్లోంచి పైకి తన్నుకొస్తుంది.

రాయి రాలిన చోట కొత్త నీలం రాయి పొదిగితే, ఏళ్లుగా పచ్చబడ్డ వాటి మధ్య అతుకు ఇట్టే బయటపడుతుంది. నన్నడిగితే అక్కడ పచ్చటి రాయినే వెతికి పెట్టించుకోవాలి.